ముందు పళ్ళ డిప్యుటేషన్

తవిటయ్య నోట్లో పళ్ళున్న రోజుల్లో రేగులవలసలో అతని క్లారినెట్ లేకుండా పెళ్ళి ఊరేగింపు కదిలేది కాదు. జగన్మోహన బ్యాండు మేళంలో డ్రమ్ములవాళ్ళు మారారు, ట్రంపెట్లవాళ్ళు మారారు, యజమానులు కూడా ఇద్దరు మారారు. తవిటయ్య మాత్రం ఎర్ర కోటు వేసుకుని ముందు వరసలోనే నడిచాడు. క్లారినెట్ పెదాలతో వాయించేదని దూరం నుంచి చూసేవాళ్ళు అనుకుంటారు. కాదు. దాని మూతిని పైపళ్ళతో అదిమి పట్టుకోవాలి. ఆ పళ్ళు ఒక్కొక్కటే రాలిపోయాక అతని చేతికి క్లారినెట్ బదులు తాళాలిచ్చారు. కొన్నాళ్ళకి అవీ తీసుకుని, ఊరేగింపు పక్కన నెత్తిన పెట్టుకుని నడిచే దీపాల గుత్తి ఇచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషి, మెడ నిలబడలేదు. ఇంట్లో కూర్చున్నాడు.

తాగుడు అతనికి పెళ్ళిళ్ళలోనే అబ్బింది. మేళం వాళ్ళకి భోజనం పెట్టడం మరచిపోయే పెళ్ళివారు చాలామంది ఉంటారు గాని, సీసా ఇవ్వడం మరచిపోయేవాళ్ళు రేగులవలసలో లేరు. పంక్తులు లేచిపోయాక, షామియానా వెనక్కి ఎవరో ఒకాయన వచ్చి, "అన్నాలైపోయాయిరా, ఇది పుచ్చుకోండి" అనేవాడు. అన్నం బదులు అది, టిఫిను బదులు అది, చలికి అది, ఎండకి అది. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో కూడా చెయ్యి దానికోసమే వెతుక్కునేదాకా వచ్చింది. ఇప్పుడు పగలు చోడి అంబలి, సాయంత్రం మందు. రెండూ నమలనక్కర్లేనివే.

అలాంటి సమయంలో ప్రభుత్వం వారు వృద్ధ మందహాస పథకం ప్రారంభించారు. అరవై దాటిన ప్రతి పేద పౌరుడికీ ఉచితంగా కట్టుడు పళ్ళు. జనం దాన్ని రెండో రోజుకే "మందు హాసం" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరులో కొంత దూరదృష్టి ఉందని తరవాత తేలింది.

తవిటయ్య భార్య గున్నమ్మే అతన్ని శిబిరానికి లాక్కుపోయింది.

"పద, పద. నువ్వు అంబలి జుర్రుతుంటే ఆ సప్పుడు ఇనలేక సస్తన్నాను."

"నాకెవులిస్తారే పళ్ళు?"

"అందరికీ ఇస్తన్నారట. నువ్వు మాత్రం అందరిలో లేవా ఏటి?"

దంతవైద్యురాలు హేమలత చిన్న పిల్ల. తవిటయ్య నోరు తెరిపించి లైటు వేసి చాలాసేపు చూసింది. ఆ నోట్లోకి డెబ్భై ఏళ్ళలో ఒక డాక్టరు చూపు పడడం అదే మొదటిసారి. పక్కన కుర్చీలో పథక సంచాలకులు పరాంకుశంగారు ఉన్నారు. ఆయన ముందు దంత నష్ట కారణ నిర్ధారణ సంఘం అనే బోర్డు ఉంది. ఆ సంఘానికి అధ్యక్షులూ ఆయనే, సభ్యులూ ఆయనే.

"ఏడో నిబంధన చదువుతాను, వినుకో," అన్నారు పరాంకుశంగారు. "మద్యపానము వలన స్వయంకృతముగా పోగొట్టుకొనిన దంతములకు ప్రభుత్వము బాధ్యత వహింపజాలదు. వార్ధక్యము వలన సహజముగా పతనమైన దంతములు మాత్రమే భర్తీ చేయబడును. అర్థమైందా?"

"లేదు బాబూ."

"తాగి పోగొట్టుకున్న పళ్ళు ఇవ్వం. ముసలితనంతో ఊడినవి ఇస్తాం."

హేమలత మధ్యలో కలగజేసుకుంది. "ఇది చిగుళ్ళ జబ్బు సార్. తాగుడూ ఉంది, సరైన తిండి లేకపోవడమూ ఉంది, వైద్యం లేకపోవడమూ ఉంది. ఏ పన్ను దేనివల్ల ఊడిందో ఎవరూ చెప్పలేరు."

"మీరు చెప్పలేరు. సంఘం చెప్పగలదు," అన్నారాయన. "నా దగ్గర రెండే గడులున్నాయమ్మా. ఒకటి వయసు, ఒకటి తాగుడు. పేదరికానికి గడి లేదు. గడి లేనిదానివల్ల పన్ను ఊడదు."

విచారణ మొదలైంది.

"ఎడమ పై కోరపన్ను. ఎప్పుడు పోయింది?"

"రైసుమిల్లు వోరి పెద్దబ్బాయి పెళ్ళిలో బాబూ. అన్నాలైపోనాయన్నారు. రెండు సీసాలిచ్చినారు. వొస్తా వొస్తా కాలవ గట్టు మీద బోర్లా పడిపోనాను."

"తాగుడు."

"ఆకలి కూడా బాబూ."

"ఆకలికి పళ్ళు ఊడవయ్యా. పని లేక ఇంకా గట్టిగా ఉంటాయి. తరవాత, ముందరి పైపళ్ళు రెండు?"

తవిటయ్య తల గోక్కున్నాడు. చెప్పాలా వద్దా అని గున్నమ్మ వైపు చూశాడు. ఆమె చెప్పెయ్యమన్నట్టు గడ్డం ఎగరేసింది.

"తమరి పెళ్ళిలోనే బాబూ. తమరు గుర్రం మీదున్నారు. పన్నెండైపోనాది, ఆపమంటే ఆపనివ్వలేదు. మీ మావగారు సొయంగా నా నోట్లో ఇంత పోసి, వాయించరా అన్నారు. ఆ గుర్రం నన్ను తన్నేసినాది."

హేమలత వంగి సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టింది. పరాంకుశంగారు చాలాసేపు ఆలోచించి, "గుర్రం తాగి ఉందా?" అని అడిగారు.

"లేదు బాబూ."

"అయితే తాగి ఉన్నది నువ్వే. తాగుడు."

ఆ లెక్కన దవడ చివర పళ్ళు తొమ్మిది వయసు వల్ల పోయాయని తేలింది. తవిటయ్యకి అవి ఎలా పోయాయో గుర్తులేదు కాబట్టి వయసు గడిలో పడ్డాయి. మిగతావన్నీ తాగుడు గడిలోకి వెళ్ళాయి.

తరవాత గున్నమ్మ వంతు. ఆమె నలభై ఏళ్ళుగా చుట్ట వెలిగించి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. లోపల అంగిలి అంతా మాడిపోయి ఉంది. ఆ చుట్ట మానకపోతే పుండు పడుతుందని హేమలత గట్టిగానే కేకలేసింది. పరాంకుశంగారు నిబంధనలన్నీ తిరగేశారు. మద్యం అని ఉంది. పొగ అని ఎక్కడా లేదు.

"సంప్రదాయబద్ధమైన వార్ధక్యం," అన్నారాయన. గున్నమ్మకి పూర్తి సెట్టు మంజూరైంది.

ఆ రోజే విశ్రాంత చీఫ్ ఇంజనీరు చక్రధరరావుగారు కూడా వచ్చారు. ఆయన పేద పౌరుడు కారు గాని, పింఛనుదారుల వాటా ఒకటి పథకంలో ఉంది. ఆయన్ని లోపలి ఏసీ గదిలో కూర్చోబెట్టారు. తలుపు సగం తెరిచే ఉండడంతో వరండాలో నేల మీద కూర్చున్న తవిటయ్యకి అంతా వినబడింది.

"క్లబ్బులో రోజూ తప్పేది కాదయ్యా పరాంకుశం. కాంట్రాక్టర్లు ఊరుకోరు కదా. ముప్ఫై ఏళ్ళు విస్కీయే," అని చక్రధరరావుగారు బోసినోటితో హాయిగా నవ్వుతున్నారు.

"దాన్ని తాగుడు అనకూడదు సార్," అన్నారు పరాంకుశంగారు. "విధినిర్వహణలో భాగంగా ఆతిథ్య స్వీకారం అని రాస్తున్నాను. అంటే ఉద్యోగంలో ఉండగా జరిగిన నష్టం. పూర్తి సెట్టుతో పాటు ప్రయాణాలకి ఇంకో సెట్టు వస్తుంది."

తవిటయ్య పక్కన కూర్చున్నవాడితో మెల్లగా అన్నాడు. "నాను కూడా డూటీలోనే తాగినాను కదా?"

"నీది డూటీ కాదురా, కూలి," అన్నాడు వాడు.

నెల తిరక్కుండా పళ్ళు వచ్చాయి. తవిటయ్య పళ్ళ పలకకి గులాబీ రంగు చిగుళ్ళు మాత్రం నిండుగా ఉన్నాయి. వెనక తొమ్మిది పళ్ళు, ముందంతా ఖాళీ. ఖర్చు ఒకటే కదా, ముందు పళ్ళు కూడా పెట్టిస్తానని హేమలత బతిమాలింది. ఆ ఖాళీని చూసి యువతరం గుణపాఠం నేర్చుకుంటుందని పరాంకుశంగారు ఒప్పుకోలేదు.

అయినా ఆ తొమ్మిది పళ్ళతో తవిటయ్య బతుకు మారిపోయింది. గున్నమ్మ అన్నం కొంచెం మెత్తగా వండి, నెత్తళ్ళ చేపలు వేపి పెట్టింది. అతను ముద్ద దవడకి తోసి నమిలాడు. నమలడంలో ఇంత రుచి ఉందని మరచిపోయాడు. కడుపు నిండాక గోడకి ఆనుకుని కూర్చుని, కాసేపటికి తనే ఆశ్చర్యపోయాడు. పొద్దు కుంకిపోయింది, కాళ్ళు మందు కొట్టు వైపు లాగలేదు. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. చేతులు వణికాయి, రెండు రోజులు నిద్ర పట్టలేదు, హేమలత ఇచ్చిన మాత్రలు మింగాడు. కానీ వెళ్ళలేదు. గున్నమ్మ ఎదురింటావిడతో, "మా ముసిలోడు మడిసైపోతన్నాడోలమ్మా" అని చెప్పుకుంది.

అప్పుడు ఇరవై మూడో సవరణ వచ్చింది.

ఎక్కడో ఒక లబ్ధిదారుడు తాగి, ప్రభుత్వ పళ్ళతో సహా రోడ్డు పక్కన దొరికాడట. ప్రజాధనంతో చేయించిన దంతములు మద్యముతో సంపర్కమునకు లోను కారాదనీ, కావున లబ్ధిదారులందరూ మద్యపాన వేళలైన సాయంత్రం ఆరు నుండి ఉదయం ఆరు వరకు దంతములను ప్రభుత్వ అధీనములో భద్రపరచవలెననీ ఆదేశం.

ఎక్కడ భద్రపరచాలన్నది పెద్ద చర్చ అయింది. ఆసుపత్రి మధ్యాహ్నమే మూసేస్తారు. పురపాలక కార్యాలయానికి తాళం పడదు. గ్రంథాలయం కప్పు కారుతుంది. చీకటి పడ్డాక కూడా తెరిచి ఉండి, ఇనప జాలీలు, సీసీ కెమెరాలు, గట్టి అరలు, లెక్క తప్పని గుమస్తా ఉన్న ప్రభుత్వ స్థలం ప్రతి వార్డులోనూ ఒక్కటే ఉంది. మద్యం దుకాణం.

"పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా" అక్కడే అరలు కొట్టించారు. ఒక్కొక్కరికీ నంబరు వేసిన స్టీలు గిన్నె. సాయంత్రం అయ్యేసరికి వార్డులోని ముసలీముతకా అంతా మందు కొట్టు ముందు వరస కట్టి, పళ్ళు తీసి ఇచ్చి, టోకెను పుచ్చుకోవాలి.

విశ్రాంత తెలుగు పండితులు భుజంగరావు మాస్టారు జీవితంలో ఆ కొట్టు నీడన నిలబడి ఎరగరు. మొదటి వారం తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చారు. రెండో వారం తువ్వాలు భుజం మీదకి దిగింది. పళ్ళు ఇచ్చేశాక ఇంటికి వెళ్ళి తినేదేముంది? పిల్లలు చపాతీలు చేసుకుంటారు. పళ్ళు లేని నోటికి పనికొచ్చే పదార్థం ఆ చుట్టుపక్కల ఒకే చోట దొరుకుతోంది, ఆయన అప్పటికే దాని ముందు నిలబడి ఉన్నారు. నెల గడిచేసరికి మాస్టారు గుమస్తాకి బ్రాండు పేరులో అక్షరదోషాలు దిద్దుతున్నారు.

తవిటయ్య పది రోజులు పళ్ళిచ్చి, తల వంచుకుని ఇంటికొచ్చాడు. పదకొండో రోజు తల వంచుకోవడం మానేశాడు. ఆకలి వేస్తోంది, ఎదురుగా సీసాలున్నాయి, నోట్లో ఏమీ లేదు.

గున్నమ్మ అతన్ని చూసి గుమ్మంలోనే కూలబడింది. "మానేసినోడివి కదయ్యా."

"నాను మానేసినాను. గవుర్మెంటు మాననివ్వలేదు."

"ఇదేటి గవుర్మెంటు! పళ్ళిచ్చి తాగుడికి తోలుతాదా?"

ఆమె మాత్రం పళ్ళు ఇవ్వనంది. నా నోట్లోది నా నోట్లోనే ఉంటాదని తలుపేసుకుంది. వసూలుకి వచ్చిన అటెండరు కూర్మయ్య చనువుగా నోటి దగ్గర చెయ్యి పెట్టబోతే వేలు కరిచింది. ప్రభుత్వ ఆస్తిని ఉపయోగించి ప్రభుత్వ ఉద్యోగిపై దాడి చేసినట్టు కేసు రాశారు. కరిచిన గాటు ఎంత సమంగా పడిందో చూసి పళ్ళ నాణ్యత అద్భుతమని కూడా అందులోనే రాసుకున్నారు.

వార్డులో మద్యం అమ్మకాలు రెట్టింపయ్యాయి. ఆబ్కారీ వారి రాబడిలో కొంత మందహాస పథకానికే వస్తుంది కనక, ఇంకా ఎక్కువమందికి పళ్ళు మంజూరయ్యాయి. ఇంకా ఎక్కువమంది వరసలో నిలబడ్డారు. సంక్షేమమూ ఆదాయమూ ఒకే వరసలో నిలబడిన ఏకైక పట్టణంగా రేగులవలసకి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని స్వయంగా ఇవ్వడానికి మంత్రిగారు వస్తామన్నారు.

పరాంకుశంగారు తవిటయ్యని పిలిపించారు.

"మంత్రిగారి ముందు ఒక లబ్ధిదారుడు తన పళ్ళని వినియోగించి చూపాలి. జంతికలు తినిపిద్దామంటే ఫోటోలో నోరు వికారంగా ఉంటుంది. నువ్వు క్లారినెట్ వాయిస్తావు."

"ముందు పళ్ళు లేకండా ఎలగ వాయిస్తాను బాబూ?"

పరాంకుశంగారికి అప్పుడు ఏడో నిబంధన గుర్తొచ్చింది. తాగుడు వల్ల పోయిన పళ్ళు మంజూరు చేయకూడదు. రెండు రోజులు ఫైలు నడిచింది. మూడో రోజు ఆయన ముఖం వెలిగింది. మంజూరు చేయకూడదు గాని డిప్యుటేషన్ మీద పంపవచ్చు. పై దవడ ముందరి పళ్ళు ఆరు, సంచాలకుల కార్యాలయం నుండి తవిటయ్య నోటికి తాత్కాలికంగా బదిలీ. కార్యక్రమం రోజు సాయంత్రం ఆరు గంటలకి మాతృ కార్యాలయానికి తిరిగి హాజరు కావాలి.

హేమలత కొత్త పలక చేయించింది. దాన్ని తవిటయ్య నోట్లో కూర్చోబెట్టి, అద్దం ఇచ్చింది. అతను అద్దంలోకి చూసి వెంటనే తిప్పేశాడు. ఎవరో తెలిసిన మనిషి చాలా కాలానికి ఎదురైనట్టు అనిపించింది.

సాధన కార్యాలయంలోనే చేయాలని నియమం. కూర్మయ్య కాపలాగా కూర్చున్నాడు. మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. తరవాత ఒక కూత. తరవాత రెండు స్వరాలు. మధ్యాహ్నానికి ఒక పాట చివరిదాకా వచ్చింది. పక్క గదుల్లో గుమస్తాలు లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆ రోజులన్నీ తవిటయ్య మందు ముట్టలేదు. ముడితే పెదవి వణుకుతుంది. వణికితే స్వరం చెదురుతుంది. ఆ సంగతి అతనికి ఏ సవరణా చెప్పనక్కర్లేదు.

మంత్రిగారు పొద్దున్న పదికి రావాలి. సాయంత్రం అయిదున్నరకి వచ్చారు. పరాంకుశంగారు గడియారం చూసుకుని, ఉపన్యాసాలు తరవాత పెట్టి, ముందు వాయింపు పెట్టించారు. జగన్మోహన బ్యాండు వాళ్ళు వెనక నిలబడ్డారు. తవిటయ్య పాత ఎర్ర కోటు తొడుక్కుని వేదిక మీదకి వచ్చాడు. పెళ్ళికూతురు అత్తవారింటికి బయలుదేరేటప్పుడు వాయించే అప్పగింతల పాట ఎత్తుకున్నాడు.

రెండో చరణానికి ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. మంత్రిగారు కూడా కళ్ళజోడు తీశారు. మూడో చరణం అయ్యాక చప్పట్లు కొట్టి, చాలన్నట్టు చెయ్యి ఊపారు. తవిటయ్య ఆపబోయాడు. అప్పుడు కనిపించాడు, వేదిక మెట్ల దగ్గర కూర్మయ్య. చేతిలో స్టీలు పళ్ళెం, దాని మీద తెల్ల గుడ్డ. పక్కన పరాంకుశంగారు గడియారం చూపిస్తున్నారు.

తవిటయ్య ఆపలేదు.

మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకున్నాడు. పరాంకుశంగారు మైకు తీయించేశారు. మైకు అవసరం లేని మనిషి అతను. వాయిస్తూనే మెట్లు దిగాడు. అతను కదిలితే కదలడం బ్యాండు వాళ్ళకి అలవాటు, వెనకాలే కదిలారు. డ్రమ్ములు అందుకున్నాయి. ఇది కార్యక్రమంలో భాగమేననుకుని మంత్రిగారు నిలబడి నమస్కారం పెట్టారు. కూర్మయ్య పళ్ళెంతో, పరాంకుశంగారు ఫైలుతో వెంటపడ్డారు. వాయిస్తున్నవాడి నోట్లోంచి పళ్ళు ఎలా తీయాలో ఏ సవరణలోనూ లేదు. ఊపిరి అయిపోయేదాకా ఆగాల్సిందే. డెబ్భై ఏళ్ళ ఊపిరి, ఎంతసేపుంటుందిలే అనుకున్నారు.

ఊరేగింపు బజారులోకి వచ్చింది. బ్యాండుతో పాటు పళ్ళెం పట్టుకున్న మనిషి నడుస్తుంటే ఎవరికైనా దేవుడే గుర్తొస్తాడు. ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు వచ్చి కూర్మయ్య పళ్ళెంలో బంతిపూలు వేశారు, ఒకావిడ అతని నుదుట బొట్టు కూడా పెట్టింది.

మలుపు తిరిగితే మందు కొట్టు. ఆరు గంటల వరస నిలబడి ఉంది. ముసలివాళ్ళంతా పాటకి తల తిప్పారు. వరస మొదట్లో భుజంగరావు మాస్టారు పళ్ళు సగం ఊడదీసి చేతిలో పట్టుకుని ఉన్నారు. తవిటయ్య ఆయన కళ్ళలోకి చూస్తూ వాయించాడు. మాస్టారు పళ్ళు మళ్ళీ నోట్లో పెట్టుకుని, టక్కున బిగించి, వరసలోంచి బయటికొచ్చి బ్యాండు వెనక నడిచారు. ఆయన వెనక ఇంకొకరు. తరవాత ఇద్దరు. గుమస్తా జాలీలోంచి, "టోకెన్లు! టోకెన్లు!" అని అరుస్తున్నాడు.

ఇంటి వీధికి వచ్చేసరికి తవిటయ్య మెడ నరాలు ఉబ్బిపోయాయి. పాట మధ్యమధ్యలో తెగుతోంది. గున్నమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ఒక్క చూపులో అంతా చూసింది, ఆ పళ్ళెం, ఆ ఫైలు, మొగుడి ఎగశ్వాస. లోపలికి వెళ్ళి, కంచంలో వేడి అన్నం, నెత్తళ్ళ వేపుడు వేసుకుని వచ్చి అరుగు మీద పెట్టింది. తవిటయ్య చివరి స్వరం వదిలి, అరుగు మీద కూలబడ్డాడు. కూర్మయ్య పళ్ళెం చాపేలోపే గున్నమ్మ ముద్ద కలిపి అతని నోట్లో పెట్టేసింది.

తవిటయ్య నమలడం మొదలుపెట్టాడు.

"తియ్యి," అన్నారు పరాంకుశంగారు ఆయాసపడుతూ.

"నములుతున్నప్పుడు తీస్తే ఇరిగిపోతాయి సార్," అన్నాడు కూర్మయ్య తన వేలు చూసుకుంటూ. "ఇరిగితే మన జీతంలో కోసేస్తారు."

వీధంతా జనం. మాస్టారూ ముసలివాళ్ళూ చుట్టూ మూగి చూస్తున్నారు. పరాంకుశంగారు అరుగు చివర కూర్చున్నారు. పొద్దుటి నుంచి ఆయన కూడా ఏమీ తినలేదు. గున్నమ్మ ఆయన ముందూ ఒక కంచం పెట్టింది. ఆయన కాదనలేదు.

"ఇంకెంతసేపమ్మా?" అని అడిగారు.

"నలభై ఏళ్ళ పెళ్ళిళ్ళ ఆకలి బాబూ," అంది గున్నమ్మ. "ఇప్పుడే కదా మొదలెట్టినాడు."

పరాంకుశంగారు ఫైలు తెరిచి, ఎడమ చేత్తో, "భోజనానంతరం స్వాధీనం చేసుకొనబడును" అని రాసి సంతకం పెట్టారు. ఆ సాయంత్రం కొట్టులో గిన్నెలన్నీ ఖాళీగా ఉండిపోయాయి, మర్నాడూ ఎవరూ రాలేదు. వారం తిరిగేసరికి ఆ అరలు ఊడదీసి, ఆ చోట సీసాలు సర్దుకున్నారు. ముందు పళ్ళ ఫైలు మాత్రం మూయలేదు. తవిటయ్య ఈ ముహూర్తాల్లో కూడా బ్యాండు ముందు వరసలో నడుస్తున్నాడు. కార్యాలయం రికార్డుల ప్రకారం ఆ భోజనం ఇంకా ముగియలేదు.